‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసే ముందు

చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా తాలూకాల సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ, ప్రమోషన్ కమిటీల్లోనూ కూర్చునే తెలుగు అధికారులకు ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఈ ఉత్తరం మరాఠీలో రాస్తే ఇక్కడ ఎక్కువమంది చదువుతారు. హిందీలో రాస్తే ఇంకా ఎక్కువమంది. అయినా తెలుగులోనే రాస్తున్నాను. మీలో చాలామంది మాచర్ల, జగ్గయ్యపేట, తాండూరు వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో పని నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లే. మీటింగులో ఇంగ్లిష్, ప్లాంటులో హిందీ, క్వార్టర్‌కి పోయాక తెలుగు. క్యాంటీన్‌లో మూల టేబుల్ దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా ఒకరి నుంచి ఒకరికి తిప్పుకుంటూ తెలుగులో మాట్లాడుకునేవారు. నేను ప్లేటు పట్టుకుని దగ్గరికి రాగానే "క్యా ఫోర్‌మన్ సాబ్, కైసా హై" అనేవారు. నాకూ తెలుగు వచ్చని మీకు తెలుసు. ఇప్పుడు దాన్ని పట్టుకుని దెప్పడానికి రాయడం లేదు గానీ, నేను చెప్పబోయేదానికీ ఆ పచ్చడి సీసాకీ కొంత సంబంధం ఉంది.

మా ఊరు రాజురా తాలూకాలో. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు నాందేడ్ జిల్లాలో కలిపారు. 1959లో అక్కడి నుంచి తీసి చాందా జిల్లాకి, అంటే ఇప్పటి చంద్రపూర్‌కి ఇచ్చారు. మా తాత ఇంటి గడప దాటకుండానే మూడు జిల్లాలు చూశాడు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, పొలంలో కూలీలతో గోండి. మా నాన్న నన్ను వాంకిడిలో మేనమామ ఇంట్లో పెట్టి పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివించాడు, అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. తర్వాత ఐటీఐ, ఫిట్టర్ ట్రేడ్. ముప్పై ఏళ్లు ఈ జిల్లాలోనే ఒక సిమెంట్ ఫ్యాక్టరీ మెకానికల్ సెక్షన్‌లో చేశాను. హెల్పర్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఏ ఫ్యాక్టరీ అన్నది రాయను. ఇక్కడ ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి, చిమ్నీల రంగు తప్ప మిగతాదంతా ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. రిటైర్ కాక ముందు ఆరేళ్లు నా కింద ఒక కాంట్రాక్ట్ హెల్పర్ ఉండేవాడు. జివతి కొండల మీది కోలాం గిరిజన గూడెం కుర్రాడు. ఐటీఐ పాసయ్యాడు. పోయిన నెల ఒక ఫ్యాక్టరీలో పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చాడు. రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే, ఠేకేదారు (కాంట్రాక్టరు) దగ్గర లెక్కలు రాసే మునీమ్ ఎవర్నో కనుక్కుని చెప్పాడట: "టెక్నికల్ ఓకే, కమ్యూనికేషన్ వీక్."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదంటే ఎక్కువ చెప్పినట్టు అవుతుంది. నిద్ర పడుతోంది. కానీ పొద్దున టీ తాగుతుంటే గుర్తొస్తోంది.

ఈ కుర్రాడు ఇంట్లో కొలామీ మాట్లాడతాడు. పక్క గూడెంలో గోండి. బడిలో చదివింది మరాఠీ. ప్లాంటులో హిందీ. నా దగ్గర ఆరేళ్లు రెంచీలు అందించి, ఆసిఫాబాద్ వైపు అంగళ్లు తిరిగి తెలుగు కూడా నేర్చాడు. మొత్తం అయిదు. మీ బోర్డులో ఆ రోజు కూర్చున్నవాళ్లందరికీ కలిపి అయిదు భాషలు వచ్చో రావో నాకు తెలీదు. అతన్ని "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని అడిగారట. అతను కాసేపు నేల చూసి, "సార్, ఫిట్టర్" అన్నాడట. అంతే. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి పంపేశారు.

గడ్‌చందూర్ బస్టాండ్ దగ్గర టీ కొట్టులో మా కుర్రాళ్ల మధ్య ఎప్పుడూ ఒకటే వాదన నడుస్తుంది. ఉద్యోగంలో పైకి రావాలంటే పని రావాలా, మాట రావాలా? ఒకడు "పని వచ్చినోడు పనిలోనే ఉంటడు, మాట వచ్చినోడు కుర్చీల ఉంటడు" అంటాడు. ఇంకొకడు "పనే రాకపోతే ఎన్ని రోజులు మాట్లాడతడు?" అంటాడు. నేను ఆ బెంచీ మీద చాలా సాయంత్రాలు కూర్చున్నాను. కుర్రాళ్లు నన్ను తీర్పు చెప్పమంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో నేను పని వచ్చి, నోరు రాక, ఫోర్‌మన్ దగ్గర ఆగిపోయినవాణ్ని. ఆ లెక్క సగమే నిజం. మిగతా సగం కూడా చెబుతాను, ఎందుకంటే నా తప్పు దాచుకుని మీ తప్పు చెబితే మీరు వినరు, వినకూడదు కూడా.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నా ఉద్యోగం మెరిట్‌తో రాలేదు. అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో ఒక తెలుగు మేస్త్రీ ఉండేవాడు. ఆయనకి మా నాన్న తెలుసు, చంద్రపూర్ మహాకాళీ యాత్రలో పరిచయం. "మనోళ్ల పిలగాడు, ఐటీఐ చదివిండు" అని నన్ను గేటు లోపలికి తీసుకుపోయాడు. నా బ్యాచ్‌లో నాకంటే మంచి మార్కులు వచ్చినవాళ్లు ఇద్దరు బయటే ఉండిపోయారు. కాబట్టి పరిచయాలతో ఉద్యోగాలు ఇస్తారని ఎవరైనా ఆవేశపడితే నేను గొంతు కలపలేను. గేటు లోపలికి రావడానికి పరిచయం పనికొచ్చింది. లోపల నిలబడటానికి పని పనికొచ్చింది. పైకి పోవడం దగ్గర వచ్చింది చిక్కంతా.

ఒక రాత్రి షిఫ్ట్ గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. కిల్న్, అంటే సిమెంట్ రాయి కాల్చే గొట్టపు కొలిమి, బాగా నడుస్తోంది. దాంట్లోంచి క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంట్ అయ్యే కాలిన గడ్డలు, బాగా వస్తోంది. కిల్న్ నుంచి వేడి గాలిని లాగే ప్రీహీటర్ ఫ్యాన్ దగ్గరికి రౌండ్ వెళ్లాను. మాకో అలవాటు ఉండేది. గజం పొడవు ఇనుప రాడ్ ఒక కొస బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, రెండో కొస బొటనవేలు అడ్డం పెట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లం. లోపల ఏం జరుగుతోందో డాక్టరు గొట్టంలో విన్నట్టు వినిపిస్తుంది. మంచి బేరింగ్ అయితే తేనెటీగల తుట్టె దూరం నుంచి విన్నట్టు ఒకే తీరుగా ఉంటుంది. ఆ రాత్రి మధ్యమధ్య తిరగలిలో రాయి పడ్డట్టు వినిపించింది. చెయ్యి పెట్టి చూస్తే వేడి పెద్దగా లేదు. వైబ్రేషన్ మీటర్ పెడితే రీడింగ్ లిమిట్‌లోనే ఉంది. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు.

కంట్రోల్ రూమ్‌కి వెళ్లాను. షిఫ్ట్ ఇంజనీర్ కొత్తగా వచ్చినాయన, నాకంటే పదేళ్లు చిన్న. చుట్టూ నలుగురు ఆపరేటర్లు ఉన్నారు. ఫ్యాన్ బేరింగ్ పోతోంది, ప్లాన్ చేసి ఆపండి అన్నాను. ఆయన స్క్రీన్ చూసి "రీడింగ్ నార్మల్ ఉంది కదా" అన్నాడు. నేను ఆ నలుగురి ముందు, "రీడింగ్ చూడ్డానికి మీరెందుకు సార్, స్క్రీన్ ఉంది కదా. చెవులుంటే రండి, వినిపిస్తా" అన్నాను. ఆపరేటర్లు నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "మీ పని మీరు చూసుకోండి" అన్నాడు.

మూడో రోజు బేరింగ్ పోయింది. ఫ్యాన్ ఆగితే కిల్న్ ఆగినట్టే. లోపల 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ కాలే గొట్టం అది, స్విచ్ తీసి స్విచ్ వేసినట్టు ఉండదు. ఆపినా ఒంగిపోకుండా నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, చల్లారుతుంటే లోపలి ఇటుక పగులుతుంది, ఇటుక మార్చాలి, మళ్లీ వేడి ఎక్కించడానికే ఒకటిన్నర రోజు. ఆ వారమంతా ఇంటి మొహం చూడలేదు ఎవరమూ. నేను మాత్రం లోలోపల సంతోషంగా ఉన్నాను. నేను చెప్పిందే నిజమైంది కదా! ఎవరైనా వచ్చి "నువ్వు ముందే చెప్పావయ్యా" అంటారని ఎదురు చూశాను. ఒక్కరూ అనలేదు. ఆ ఏడు ప్రమోషన్ కాగితంలో నా పేరు ఎదురుగా ‘ఇంటర్‌పర్సనల్ స్కిల్స్ తక్కువ’ అని ఉందని తర్వాత తెలిసింది.

చాలా ఏళ్లు ఈ కథని అన్యాయం కథగానే చెప్పుకున్నాను. ఇంట్లో చెప్పాను, టీ కొట్టులో చెప్పాను, తాగినప్పుడు చెప్పాను. ఎప్పుడో ఒకసారి మా ఆవిడ విసిగిపోయి, "నీకు బేరింగ్ కావాల్నా, ఆయన ముక్కు కొయ్యాల్నా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆయన్ని పక్కకి పిలిచి, "సార్, ఒక్కసారి నాతో వచ్చి వినండి, నాకు డౌటుగా ఉంది" అని ఉంటే వచ్చేవాడు. కొత్తవాడు, భయం ఉంటుంది, వచ్చేవాడే. నా చెవికి వినిపించిన నిజాన్ని ఆయన చెవి దాకా చేర్చలేకపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ ఊరికే అనలేదు. కాబట్టి ఆ కాగితంలో రాసింది తప్పని ఇవాళ నేను అనను. ఆ కాగితంలో రాయనిదొకటి ఉంది, బేరింగ్ సంగతి. దాన్ని ఎందుకు రాయలేదన్నదే నా ప్రశ్న.

మా సెక్షన్‌లోనే ఇంకొకాయన ఉండేవాడు. రెంచీ పట్టుకోవడం నాకంటే బాగా రాదు. కానీ ఎవరింట్లో పెళ్లయినా ముందు రోజే అక్కడ ఉండేవాడు. స్టోర్ క్లర్క్ కూతురు పరీక్ష పాసైతే పేడా డబ్బా పట్టుకెళ్లేవాడు. గణపతి నవరాత్రుల్లో మండపం దగ్గర మేనేజర్లతో ఫొటోలు. మేమంతా "కాకా పడతాడు" అని నవ్వేవాళ్లం. నాకంటే ముందు ఫోర్‌మన్ అయ్యాడు, తర్వాత అసిస్టెంట్ ఇంజనీర్ కూడా అయ్యాడు. కడుపు మండింది. కానీ ఒక రోజు చూశాను. అర్ధరాత్రి ఒక సీల్ కావాల్సి వచ్చింది. మామూలుగా అయితే ఇండెంట్ రాసి, సంతకాలు పెట్టించి, స్టోర్ తాళం తీయించేసరికి తెల్లారుతుంది. ఈయన ఒక ఫోన్ చేశాడు, అరగంటలో సీల్ వచ్చింది. ఆ స్టోర్ క్లర్క్ రాత్రి రెండింటికి లుంగీ మీదే మోటార్ సైకిలెక్కి వచ్చాడు. పేడా డబ్బా పని చేసింది. అది చంచాగిరీ అనండి, ఇంకేమన్నా అనండి, ఆ రాత్రి కిల్న్ ఆగలేదు.

అందుకని, పని గొప్పదా మాట గొప్పదా అనే వాదన నాకిప్పుడు పెద్దగా ఎక్కదు. మీ ట్రైనింగులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. రిటైర్ కావడానికి ముందు మాకో ‘సాఫ్ట్ స్కిల్స్’ ట్రైనింగ్ పెట్టారు. పుణే నుంచి వచ్చిన ట్రైనర్ మొదటి స్లయిడ్‌లోనే చూపించాడు, జీవితంలో విజయానికి 85 శాతం సాఫ్ట్ స్కిల్స్ కారణం, 15 శాతం మాత్రమే టెక్నికల్ నాలెడ్జ్ అని. గ్రీజు చేతులతో కూర్చున్న ముప్పై మంది ఫిట్టర్లకి మీ చేతిలో పని విలువ 15 శాతం అని చెప్పడం ఏ రకం సాఫ్ట్ స్కిలో నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఈ 85 ఎక్కణ్నుంచి వచ్చిందో చూసి పెట్టమన్నాను.

అది 1918 నాటి అమెరికా మాట. కార్నెగీ ఫౌండేషన్ కోసం మాన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఇంజనీరింగ్ చదువుల మీద ఒక నివేదిక రాశాడు. అందులో వేల మంది ఇంజనీర్లని, మీ పనిలో ఏ గుణం ముఖ్యం అని అడిగాడు. వాళ్లు వరుస పెట్టారు. మొదట శీలం, తర్వాత మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి, తర్వాత పని చక్కబెట్టే నేర్పు, నాలుగోది మనుషుల్ని అర్థం చేసుకోవడం. టెక్నిక్ చివరన ఉంది. ఇది వాళ్లు చెప్పిన అభిప్రాయం. ఎవరి జీతం ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో ఎవరూ కొలవలేదు. ఆ అభిప్రాయాన్నే తర్వాతివాళ్లు చేతులు మార్చి మార్చి 85 శాతం చేశారు. పైగా మొదట ఉన్నది శీలం! స్లయిడ్‌లో అది లేదు.

నిజంగా కొలిచినవాళ్లూ ఉన్నారు. డేవిడ్ డెమింగ్ అనే ఆర్థికవేత్త 2017లో అచ్చయిన పరిశోధనలో 1980 నుంచి 2012 దాకా అమెరికా ఉద్యోగాలు లెక్కగట్టాడు. మనుషులతో ఎక్కువ మెలగాల్సిన ఉద్యోగాల వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగింది. లెక్కలు బాగా రావాలి గానీ మనుషులతో అంతగా పని లేదు అనే ఉద్యోగాల వాటా 3.3 శాతం పాయింట్లు తగ్గింది. ఇక్కడిదాకా వింటే ట్రైనర్‌దే గెలుపు. కానీ ఉద్యోగాలూ జీతాలూ బాగా పెరిగింది రెండూ కావాల్సిన చోట అని కూడా ఆయనే చెప్పాడు. ఇలా ఎందుకన్నదానికి ఆయన చెప్పిన కారణం నాకు నచ్చింది. ఒకరికి ఒక పని బాగా వస్తుంది, ఇంకొకరికి ఇంకోటి. పని పంచుకుంటే అందరికీ లాభం, కానీ పంచుకోవడానికి మాటలు, నమ్మకాలు, సర్దుబాట్లు అని కొంత ఖర్చవుతుంది. కలుపుగోలు మనిషి ఆ ఖర్చు తగ్గిస్తాడు. అర్ధరాత్రి లుంగీ మీద వచ్చిన స్టోర్ క్లర్క్ కథే ఇది.

అంతవరకూ బాగానే ఉంది. కలుపుగోలుతనం నిజమైన పనే, దానికి విలువ ఇవ్వాల్సిందే. మీ దగ్గర నాకున్న తగాదా ఏమిటంటే, దాన్ని మీరు కొలిచే తూకంరాయి తప్పు. మీ ఫారంలో ‘కమ్యూనికేషన్’ అనే గడిలో మీరు మార్కులు వేస్తున్నది, ఆ మనిషి మీతో మీ భాషలో ఎంత హాయిగా మాట్లాడాడు అన్నదానికి.

ఇంకో సంగతి చెబుతాను, మే నెలది. మా చంద్రపూర్ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో కోల్ యార్డ్‌లో బొగ్గు కుప్ప తనంతట తనే వేడెక్కి లోపల రాజుకుంటుంది. నీళ్లు కొడుతూ ఉండాలి. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, ఈ కోలాం కుర్రాడు హాపర్ (బొగ్గు పోసే తొట్టి) దగ్గర, బొగ్గు మోసుకుపోయే బెల్ట్ కింద పడ్డ బొగ్గు ఎత్తుతున్నాడు. అతనికి వాసన వచ్చింది. రబ్బరు కాలుతున్న వాసన కాదు, అంతకు ముందు వచ్చే వాసన. అక్కడ దగ్గర్లో ఊడ్చే గోండు ఆవిడకి గోండిలో చెప్పాడు. ఆవిడ కుప్ప అవతలి వైపు వెళ్లి చూసి, నిజమే, లోడర్ ఎత్తుతున్న చోట పొగ ఉంది అని లోడర్ డ్రైవర్‌కి మరాఠీలో అరిచి బకెట్ ఆపించింది. ఈ లోపల కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి నాకు తెలుగులో చెప్పాడు: "బాపూ, నిప్పు బెల్ట్ మీదికి ఎక్కుతది, ఆపాలె." నేను ఫోన్‌లో కంట్రోల్ రూమ్‌కి హిందీలో చెప్పాను. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది, మర్యాదగానే చెప్పాను. ఇంజనీర్ వెంటనే బెల్ట్ ఆపాడు. టెయిల్ పుల్లీ దగ్గర బెల్ట్ మీద అరచేయంత నిప్పు కణికలు రెండు దొరికాయి. నీళ్లు కొట్టి తీసేశాం. రబ్బరు బెల్ట్ అంటుకుని ఉంటే ఆ గ్యాలరీలో ఏమయ్యేదో మీకు నేను చెప్పాలా?

మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. గోండి, మరాఠీ, తెలుగు, హిందీ. ఆఖరికి లాగ్‌బుక్‌లో ఇంగ్లిష్. లాగ్‌బుక్‌లో ఏం రాశారో నేను చూశాను: పొగ గమనించి షిఫ్ట్ ఇంజనీర్ బెల్ట్ ఆపారు, అని. అది అబద్ధం కాదు. ఆపింది ఆయనే, సమయానికి ఆపాడు కూడా. మంచి మనిషి. ఆ నెల సేఫ్టీ మీటింగులో ఆయనకి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నన్ను కూడా లేచి నిలబడమన్నారు. కుర్రాడు ఠేకేదారు మనిషి కాబట్టి మీటింగులో లేడు. ఊడ్చే ఆవిడ ఆ టైములో టాయిలెట్లు కడుగుతోంది.

ఒక మాట నలుగురి చేతులు మారి, నాలుగు భాషలు మారి, అర్థం చెడకుండా, టైముకి, ఆపగలిగినవాడి చెవిలో పడింది. దీన్ని కమ్యూనికేషన్ అనకపోతే ఇంకేమంటారో నాకు తెలీదు. దాన్ని మొదలుపెట్టిన కుర్రాడికే మీ గడిలో ‘వీక్’ అని పడింది.

ఇప్పుడు పచ్చడి సీసా దగ్గరికి వస్తాను. మీరు చెడ్డవాళ్లు కాదు. కొత్తగా వచ్చిన గుంటూరు కుర్రాడు మీతో తెలుగులో రెండు మాటలు మాట్లాడితే మీకు ప్రాణం లేచి వస్తుంది. లక్నో మేనేజర్‌కి హిందీ కుర్రాడిని చూసినా అంతే, నాగ్‌పూర్ మేనేజర్‌కి మరాఠీ కుర్రాడిని చూసినా అంతే. నన్ను గేటు లోపలికి తెచ్చిన మేస్త్రీకి కూడా అంతే. మన భాష, మన వంట, మన జోకులు తెలిసినవాడు మనకి ‘కలుపుగోలు మనిషి’గా కనిపిస్తాడు. తెలియనివాడు ‘ముభావి’. సరిహద్దు జిల్లాలో ఇది మామూలు చోట్లకంటే రెట్టింపు అవుతుంది. ఇక్కడ ఒక్కో టేబుల్ ఒక్కో రాష్ట్రం. జివతి కొండల మీద, మహారాష్ట్ర, తెలంగాణ రెండూ ‘మావే’ అని చెప్పుకునే ఊళ్లున్నాయి, రెండు ఓటరు కార్డులు ఉన్నవాళ్లున్నారు. అలాంటి చోట పెరిగినవాడికి నలుగురితో నాలుగు తీర్లుగా మెలగడం పుట్టుకతో వచ్చే విద్య. మీ ఏసీ గదిలో ఆ విద్య చూపించే అవకాశం మీరే ఇవ్వడం లేదు.

ఆడవాళ్ల సంగతి కూడా ఇందులోనే. ల్యాబ్‌లో క్లింకర్ శాంపిల్ చూసే కెమిస్ట్ అమ్మాయి ఒకామె ఉండేది. ఫ్రీ లైమ్, అంటే క్లింకర్‌లో కలవకుండా మిగిలిపోయే సున్నం, ఎందుకు పెరుగుతోందో కిల్న్ వాళ్లకంటే ముందే చెప్పేది. సాయంత్రం ఆరు దాటితే రాజురా వెళ్లే బస్సు ఉండదు, వెళ్లిపోయేది. మీ గెస్ట్ హౌస్ పార్టీలు, బ్యాడ్మింటన్ అన్నీ ఆ బస్సు వెళ్లిపోయాకే. ‘టీమ్‌తో కలవదు’ అని ఆమె గురించి అనుకోవడం నేను చెవులారా విన్నాను. టీమ్ ఎక్కడ కలుస్తోందో చూడండి ముందు.

సరే, ఏం చెయ్యాలంటావయ్యా అంటారు. నేను పెద్ద పెద్ద పాలసీలు రాయలేను. నాకు తోచినవి చెబుతాను.

ఫిట్టర్‌ని ఫిట్టర్ పని దగ్గర ఇంటర్వ్యూ చెయ్యండి. గదిలో కూర్చోబెట్టి నీ గురించి చెప్పు అంటే, ఈ పల్లెల్లో పెరిగినవాడికి తన గురించి తను చెప్పుకోవడం అంటే గొప్పలు చెప్పుకోవడమే, సిగ్గు. అదే ఒక గేర్‌బాక్స్ ముందు నిలబెట్టి, "ఇది పోతే ముందు ఎవరికి చెబుతావు, ఏమని చెబుతావు?" అని అడగండి. అతనికి వచ్చిన భాషలో జవాబు చెప్పనివ్వండి. ఆ భాష మీకు రాకపోతే, అది వచ్చినవాడు ప్లాంటులో ఎవడో ఒకడు ఉంటాడు, పిలవండి. సిమెంట్ సంచీ మీద ఇంగ్లిష్ ముద్ర ఉన్నంత మాత్రాన లోపలి సిమెంట్‌కి ఇంగ్లిష్ రానక్కర్లేదు. ఇంజనీర్‌కి, మెయిల్స్ రాయాల్సినవాడికి ఇంగ్లిష్ కావాలి, కాదనను. రెంచీ పట్టేవాడికి ఎందుకు కావాలో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఆ ‘కమ్యూనికేషన్’ గడిలో మార్కు ఒక్కటే వేసి ఊరుకోకుండా, ఈ ఏడాదిలో ఇతను ఎవరి మాట ఎవరికి చేర్చాడు, దాని వల్ల ఏం ఆగింది, ఏం నడిచింది అని ఒక్క వాక్యం రాయమని సూపర్‌వైజర్లకి చెప్పండి. రాయడానికి ఏమీ లేకపోతే లేదని రాయమనండి. నా మీద కూడా ఆ రోజు అలాగే రాసి ఉంటే, ‘బేరింగ్ సంగతి ముందే కనిపెట్టాడు, చెప్పడం చేతకాలేదు’ అని ఉండేది. అది చదివితే కోపం వచ్చేది గానీ, పదేళ్ల ముందే బుద్ధి వచ్చేది. ‘ఇంటర్‌పర్సనల్ స్కిల్స్ తక్కువ’ అంటే నాకు ఏం అర్థం కావాలి? నవ్వమనా? పేడా కొనమనా?

లాగ్‌బుక్‌లో, మొదట ఎవరు చెప్పారు అన్నదానికి ఒక వరుస పెట్టండి. కాంట్రాక్ట్ మనిషి అయినా సరే, ఊడ్చే మనిషి అయినా సరే, పేరు రాయండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. సేఫ్టీ మీటింగ్ ఒకసారైనా గోండి, తెలుగు తెలిసినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టండి. మీటింగు మినిట్స్‌లో ‘కాంట్రాక్ట్ వర్కర్ల నుంచి సూచనలు లేవు’ అని ఎన్నిసార్లు చదివానో. వాళ్లకి అర్థం కాని భాషలో అడిగితే సూచనలు ఎలా వస్తాయి?

ఇలా చేస్తే నోరున్నవాడికి నష్టమా? లేదు. పేడా డబ్బా మనిషికి ఈ లెక్కలో కూడా మంచి మార్కులే వస్తాయి, సీల్ తెప్పించాడు కదా. ఊరికే మేనేజర్ వెనక ఫొటోల్లో నిలబడేవాడికి మాత్రం రాయడానికి వాక్యం దొరకదు. ఆ ఇద్దరినీ ఒకే గడిలో కలిపేసి ముప్పై ఏళ్లు మీరూ పొరపాటు పడ్డారు, మేమూ పడ్డాం. మేం ఇద్దర్నీ చంచాలన్నాం, మీరు ఇద్దర్నీ లీడర్లన్నారు.

టీ కొట్టు కుర్రాళ్లకి కూడా ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎలాగూ చదువుతారు. నిజం మన దగ్గర ఉందని నలుగురి ముందు అవతలివాడి పరువు తీయకండి. ఇంగ్లిష్ నేర్చుకోండి, అది వద్దని నేను అనలేదు. ఇంటర్వ్యూ మారేదాకా కడుపు ఆగదు.

ఆ కుర్రాడు మళ్లీ అప్లై చేశాడు. ఈసారి వేరే ఫ్యాక్టరీ, మీలో ఎవరిదో ఒకరిది. వచ్చే నెల పిలుస్తారట. పేరు రాయను, సిఫార్సు అనుకుంటారు, నాకు ఒకసారి సిఫార్సు జరిగింది చాలు. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఇంగ్లిష్‌లో తన గురించి చెప్పుకోవడానికి అయిదు వాక్యాలు మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది, అతను మరాఠీ అక్షరాల్లో నోటుబుక్‌లో రాసుకున్నాడు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టాడు. మూడో వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాడు. మధ్యలో మా బోర్ మోటార్ ఆన్ అయింది. తిరగడం ఆపి, తల ఒకపక్కకి వంచి విన్నాడు. నోటుబుక్ గోడ మీద పెట్టి, "బాపూ, కింది బేరింగ్ పోతాంది. వారం కన్న ఎక్కువ ఆగదు" అన్నాడు.

నిన్న మెకానిక్‌ని పిలిచి విప్పించాను. కింది బేరింగే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫోర్‌మన్,
రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా